సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు: ఏటా జరిగే ఫిట్‌నెస్ పరీక్షలో గట్టెక్కుతుందా?

వెతుకులాట:

మిత్రులకు నమస్కారం. పదకొండేళ్ల వయసున్న ఒక డీజిల్ కారు కొనాలని చూస్తున్నాను. 1.6 లీటర్ల టర్బో ఇంజన్, యూరో 5 అనే ఐరోపా ఉద్గార ప్రమాణం, పొగగొట్టంలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉంది. ఓడోమీటర్ 1,42,000 కిలోమీటర్లు చూపిస్తోంది. పైకి చూస్తే బండి శుభ్రంగా ఉంది, ఇంజన్ ఒక్క తాళం తిప్పుకే అందుకుంటోంది, అమ్మే ఆయన కూడా నిదానంగా, అడిగినదానికి జవాబు చెప్పే మనిషిలాగే ఉన్నారు. నా భయమల్లా ఏటా చేయించాల్సిన ఫిట్‌నెస్ పరీక్ష గురించే. మొదటి ఏడాది ఎలాగోలా గడిచినా, రెండో ఏటో మూడో ఏటో పొగ దగ్గరో తుప్పు దగ్గరో ఆగిపోతే బండి విలువకు మించి మరమ్మతుకు పెట్టాల్సి వస్తుందని తెలిసినవారు ఇద్దరు ముగ్గురు హెచ్చరించారు. డీజిల్ కార్లను ఏళ్ల తరబడి నడిపినవారు, వాటిని పరీక్షకు సిద్ధం చేసినవారు, వీలైతే స్వయంగా పరీక్షించినవారు కూడా తమ అనుభవం చెప్పవలసిందిగా కోరుతున్నాను. డీజిల్ కావడం వల్లనే పరీక్షలో తప్పే ప్రమాదం పెరుగుతుందా, లేక అది పాత బండ్లన్నింటికీ ఉండేదేనా అన్నది నా అసలు ప్రశ్న.

గ్యారేజీ చేతులు:

వెతుకులాట గారూ, ఇరవై రెండేళ్లుగా గ్యారేజీలో పనిచేస్తున్నాను. పరీక్షకు ముందు బండిని సిద్ధం చేయడం, తప్పి తిరిగి వచ్చినదాన్ని బాగుచేయడం నా రోజువారీ పని. నా దగ్గరకు తిరిగి వచ్చే డీజిల్ కార్లలో ఎక్కువ భాగం ఇంజన్ వల్ల తప్పినవి కావు. వెలగని బ్రేక్ లైటు, కిందికో పైకో తప్పిన హెడ్‌లైటు వెలుగు, లోపలి అంచున అరిగిన టైరు, విరిగిన స్ప్రింగు, చిరిగిన బుష్ (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగు), ఊగుతున్న బాల్ జాయింటు, ఒక పక్క తక్కువ పట్టే హ్యాండ్‌బ్రేక్ లాంటివాటి దగ్గరే ఆగిపోతాయి. పెట్రోలు కార్లు కూడా ఇక్కడే తప్పుతాయి కనుక మీ ప్రశ్నలో సగానికి జవాబు ఇదే.

అయితే ఒక తేడా ఉంది. అదే మోడల్‌లో పెట్రోలు ఇంజన్ కంటే డీజిల్ ఇంజన్ బరువెక్కువ, ఆ బరువంతా ముందు ఇరుసు మీదే పడుతుంది. అందుకే ముందు చక్రాల దగ్గరి బుష్‌లు, లింక్ రాడ్లు, స్ప్రింగులు డీజిల్ బండిలో కాస్త ముందుగానే ముసలివవుతాయి. కొనే ముందు బండిని లిఫ్ట్ మీదికి ఎక్కించి, చక్రం పైనా కిందా పట్టుకుని ఊపి చూడమనండి. ఆ పదిహేను నిమిషాల పనికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర బండి కొనవద్దని నా సలహా.

పొగ సంగతి వేరు. అందులో తప్పే డీజిల్ బండ్లు తక్కువే కానీ, తప్పినదాన్ని దారిలో పెట్టడం ఖర్చుతో కూడిన పని. బల్బు మార్చి అదే సాయంత్రం తిరిగి పంపించవచ్చు. డీపీఎఫ్ పూడుకుపోయిన బండిని అలా పంపలేము.

పరీక్షా గది:

నేను పదేళ్లకు పైగా పరీక్షకుడిగా పనిచేసి మానుకున్నాను. పొగ పరీక్ష ఎలా జరుగుతుందో చాలామందికి తెలియదు, తెలియకపోవడం వల్లనే తప్పుతున్న బండ్లు కూడా ఉన్నాయి, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఐరోపా సమాఖ్య 2014/45 ఆదేశంలో రాసిన పద్ధతి ప్రకారం ముందుగా ఇంజన్ పూర్తిగా వేడెక్కి ఉండాలి. ఆయిల్ కర్ర పెట్టే గొట్టంలో ఉష్ణమాపకం దించి చూసినప్పుడు కనీసం 80 డిగ్రీలు ఉండాలి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, యాక్సిలరేటర్‌ను సెకనులోపే, అయితే విసురుగా తొక్కకుండా, చివరిదాకా నొక్కి, ఇంజన్ తన గరిష్ఠ వేగ పరిమితిని తాకాక వదలాలి. అలా కొన్నిసార్లు చేశాక, చివరి మూడు కొలతల సగటు చూస్తారు. పొగలోంచి కాంతి ఎంత ఆగిపోయిందో మీటరు కొలుస్తుంది, అంకె పెరిగేకొద్దీ పొగ దట్టమని అర్థం. తయారీదారు ప్లేటు మీద బండికి ప్రత్యేకంగా విలువ రాసి ఉంటే అదే హద్దు. లేనప్పుడు టర్బో లేని పాత ఇంజన్‌కు 2.5, టర్బో ఉన్న పాత ఇంజన్‌కు 3.0, 2008 జూలై 1 తరువాత రిజిస్టరైనవాటికి 1.5, యూరో 6 బండ్లకు 0.7 అన్నవి హద్దులు. ఐరోపా సమాఖ్యలో ఉన్నా లేకున్నా బ్రిటన్ కూడా దాదాపు ఇవే అంకెలు వాడుతుంది.

మీరు చూస్తున్న బండికి ప్లేటు విలువ లేదనుకుంటే హద్దు 1.5. డీపీఎఫ్ ఆరోగ్యంగా ఉన్న బండి సున్నాకు అతి దగ్గరగా చూపిస్తుంది. కాబట్టి పాత పత్రంలో 0.9 అని కనిపిస్తే, పాసైంది కదా అని సంతోషించకండి. డీపీఎఫ్ ఉన్న బండికి అది మంచి అంకె కాదు. లోపల ఫిల్టరు పగిలి ఉండవచ్చు, లేదా దాన్ని ఎవరో తొలిచేసి ఉండవచ్చు.

ఇంకొక మాట. పొగ పరీక్షలో ఇంజన్‌ను హద్దు దాకా తిప్పుతారు కనుక, టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో తెలియని బండిని, ఆయిల్ తగ్గిన బండిని తీసుకురావద్దు. బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లను ఢీకొంటాయి. ఆ నష్టం పరీక్ష తప్పడం కంటే ఎన్నో రెట్లు పెద్దది. బెల్ట్ మార్చిన బిల్లు చూపించమని అమ్మే వారిని అడగండి.

పొట్టి దారి:

నా అనుభవం చెబుతాను, మీకు పనికి రావచ్చు. నా డీజిల్ కారు ఆరేళ్లు ఒక్కసారి కూడా తప్పలేదు, ఆ ఆరేళ్లూ నేను రోజూ హైవే మీద 70 కిలోమీటర్లు నడిపేవాడిని. తరువాత ఉద్యోగం ఇంటికి దగ్గరైంది. రోజుకు నాలుగు కిలోమీటర్లు, ఉదయం రెండు, సాయంత్రం రెండు. బండికి విశ్రాంతి దొరికిందని సంతోషించాను. ఏడాదిన్నరకే డీపీఎఫ్ లైటు వెలిగింది, నేను పట్టించుకోలేదు. తరువాత ఇంజన్ లైటు వెలిగింది, బండి బలం తగ్గించుకుని నడవసాగింది. పరీక్షలో పొగ కొలిచే దాకా కూడా వెళ్లలేదు, ఇంజన్ హెచ్చరిక లైటు వెలుగుతోందన్న ఒక్క కారణంతోనే తప్పింది. అదే బండి, అదే ఇంజన్, అదే యజమాని. మారినదల్లా దారి పొడవు మాత్రమే.

గ్యారేజీ చేతులు:

పొట్టి దారి గారు చెప్పినది అక్షరాలా నిజం. ఎందుకలా జరుగుతుందో చెబుతాను.

డీపీఎఫ్‌లో పట్టుబడిన మసి కాలిపోవాలంటే లోపల దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. సుదూర ప్రయాణంలో పొగ వేడికే కొంత మసి నెమ్మదిగా కాలుతుంటుంది. అది చాలకపోతే ఇంజన్ కంప్యూటర్ తనంతట తానే అదనంగా డీజిల్ చిమ్మించి వేడి పెంచి మసిని కాలుస్తుంది. ఈ పని పూర్తి కావడానికి బండి పది, ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. రెండు కిలోమీటర్లకే తాళం తీసేస్తే కాల్చడం మధ్యలో ఆగిపోతుంది. అలా ఆగిన ప్రతిసారీ కాలకుండా మిగిలిన డీజిల్ కొంత సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. అందుకే పొట్టి ప్రయాణాల డీజిల్ బండిలో ఆయిల్ మట్టం తగ్గడానికి బదులు పెరుగుతూ ఉంటుంది. కొనే ముందు ఆయిల్ కర్ర తీసి చూడండి. మట్టం పై గీతను దాటి, ఆయిల్ డీజిల్ వాసన వేస్తుంటే ఆ బండి ఎలా నడిచిందో అదే చెబుతుంది.

మసి కాలుతుంది, బూడిద కాలదు. ఆయిల్‌లోని రసాయనాల వల్ల ఏర్పడే ఈ బూడిద ఏళ్లు గడిచేకొద్దీ ఫిల్టరులో పేరుకుంటుంది. తక్కువ బూడిద వదిలే ఆయిల్ వాడమని తయారీదారులు అందుకే పట్టుబడతారు. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టి చూస్తే చాలా బండ్లలో మసి ఎంత, బూడిద ఎంత, ఫిల్టరుకు ముందూ వెనకా పీడనంలో తేడా ఎంత, చివరిసారి శుభ్రపడి ఎన్ని కిలోమీటర్లైంది అన్నవి విడివిడిగా కనిపిస్తాయి. ఈ నాలుగు అంకెలూ చూడకుండా డీపీఎఫ్ ఉన్న పాత బండిని కొనడం నా లెక్కలో చీకట్లో బాణం వేయడమే.

గణితం పిచ్చి:

గట్టెక్కడం అన్న మాటకు అంకెల ఆధారం కావాలనుకునేవారి కోసం రాస్తున్నాను. జర్మనీలో బండ్లను పరీక్షించే టీయూవీ సంస్థలు ఏటా మోడల్ వారీగా, వయసు వారీగా ఎన్ని బండ్లు తప్పాయో నివేదిక వెలువరిస్తాయి. బ్రిటన్‌లోనైతే ఒక్కొక్క బండి పరీక్షల చరిత్ర 2005 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే చాలు, ఏ ఏడాది పాసైంది, దేనికి తప్పింది, అప్పటికి ఎన్ని కిలోమీటర్లు లేదా మైళ్లు తిరిగింది అన్నవన్నీ ఎవరైనా చూసుకోవచ్చు. మీరున్న చోట ఇలాంటి చరిత్ర అందుబాటులో ఉంటే, అమ్మే ఆయన మాట కంటే ముందు దాన్ని చదవండి. లేకపోతే పాత పత్రాలన్నీ చూపించమని అడగండి.

అయితే మోడల్ సగటులు చదివేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది. డీజిల్ బండ్లు సాధారణంగా పెట్రోలు బండ్లకంటే ఏడాదికి ఎక్కువ దూరం తిరుగుతాయి. కాబట్టి ఒకే వయసున్న డీజిల్, పెట్రోలు బండ్లను పక్కపక్కన పెట్టి డీజిల్ ఎక్కువగా తప్పుతోందని అంటే, అక్కడ మనం కొలుస్తున్నది ఇంధనాన్నా, తిరిగిన దూరాన్నా అన్నది తేలదు. వయసుతో పాటు దూరాన్ని కూడా సరిపోల్చినప్పుడే ఆ పోలికకు అర్థం ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, మీరు కొనేది మోడల్ సగటును కాదు, ఒక్క బండిని. దాని గతం దానిదే.

నిలువుటద్దం:

అందరూ పాస్ కావడం గురించే మాట్లాడుతున్నారు, నాకు మాత్రం పాసైన కాగితం మీద అంత గురి లేదు. వార్షిక పరీక్ష ఏం చూడదో కూడా కొనేవారికి చెప్పాలి. టర్బో బేరింగు, ఇంజెక్టర్లు, క్లచ్, డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజన్ కుదుపులను తగ్గించే బరువైన చక్రం), గేర్‌బాక్సు అన్నవి ఆ పరీక్ష పరిధిలోకి రావు. డీజిల్ బండిలో డబ్బు తినేవి ఇవే. నిన్న పాసైన బండి రేపు ఫ్లైవీల్ చప్పుడుతో ఆగిపోవచ్చు, అందులో పరీక్షకుడి తప్పేమీ ఉండదు.

పొగ పరీక్ష కూడా అంతే. అది మసిని కొలుస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవదు. 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఫోక్స్‌వాగన్ డీజిల్ కార్ల మీద నోటీసు జారీ చేసినప్పుడు, ప్రయోగశాలలో పరీక్ష జరుగుతోందని గుర్తించి అప్పుడు మాత్రమే ఉద్గారాలు తగ్గించే సాఫ్ట్‌వేర్ సంగతి బయటపడింది. ఆ కార్లు ఏటా జరిగే పొగ పరీక్షలో మామూలుగానే పాసవుతూ వచ్చాయి, ఎందుకంటే ఆ పరీక్ష ఆ వాయువు వైపు చూడనే చూడదు.

పరీక్షా గది:

నిలువుటద్దం గారి మాటలో న్యాయం ఉంది. పరీక్ష ఒక రోజున బండి రోడ్డు మీదికి రావడానికి తగినంత భద్రంగా ఉందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది, అది ఇంజన్‌కు హామీ పత్రం కాదు. ఆ మాట ప్రతి పరీక్షకుడూ ఒప్పుకుంటాడు.

కానీ పరీక్ష ఏమీ పట్టుకోదనడం సరికాదు. నేను చేరిన కొత్తలో డీపీఎఫ్ తొలగించిన బండ్లు చాలాభాగం పొగ మీటరు దగ్గర దాటిపోయేవి, ఎందుకంటే తీసేసిన బండి కూడా 1.5 లోపలే ఉండేది. బ్రిటన్ 2014 ఫిబ్రవరి నుంచి, తయారీలో అమర్చిన డీపీఎఫ్ కనిపించకపోతే బండిని తప్పించమని పరీక్షకులకు చెప్పింది. డొల్ల చేసి పైన మళ్లీ వెల్డింగ్ చేసినవి కంటికి దొరకవు కదా అని కొందరు ధైర్యం చేశారు. 2018 మే 20 నుంచి డీపీఎఫ్ ఉన్న బండి ఏ రంగు పొగనైనా కంటికి కనిపించేంతగా వదిలితే, మీటరు అంకెతో పని లేకుండానే అది తీవ్రమైన లోపం కింద పడుతోంది. ఐరోపాలో కొన్ని దేశాలు ఇంకో అడుగు ముందుకేశాయి. నెదర్లాండ్స్ 2023 జనవరి 1 నుంచి, జర్మనీ 2023 జూలై 1 నుంచి పొగలోని కణాలను లెక్కించే యంత్రాలు వాడుతున్నాయి. జర్మనీలో యూరో 6 డీజిల్ బండికి ఘన సెంటీమీటరుకు 2,50,000 కణాలు హద్దు. పాత మీటరుకు కనిపించని సన్నటి పగులు కూడా ఈ లెక్కలో దొరికిపోతుంది. పాత డీజిల్ కొనేవారు ఇవాళ్టి నిబంధన మాత్రమే చూసి కొంటే, రేపు నిబంధన బిగిసినప్పుడు ఇబ్బంది పడతారు.

వేగవంతుడు:

ఇన్ని తంటాలు ఎందుకండీ, డీపీఎఫ్ తీయించేసి కంప్యూటర్‌లో లైటు రాకుండా చేయిస్తే పూడుకుపోయే సమస్యే ఉండదు కదా? నాకు తెలిసిన ఒకరు అలాగే చేయించుకుని మూడేళ్లుగా నడుపుతున్నారు.

గ్యారేజీ చేతులు:

వేగవంతుడు గారూ, ఆ పని అడిగి వచ్చిన వారిని నేను ఎప్పుడూ వెనక్కే పంపాను, ఇక ముందు కూడా పంపుతాను. చట్టం ఒప్పుకోదన్నది మొదటి మాట. మీ వెనక నడిచేవారి ఊపిరితిత్తుల్లోకి ఆ మసి వెళుతుందన్నది రెండో మాట. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ఇక కొనేవారి లెక్కలో చూసినా, అలా తీసేసిన బండిని తరువాత ఎవరు కొంటారో వారి మెడకు ఆ ఖర్చంతా చుట్టుకుంటుంది. వెతుకులాట గారు ఇప్పుడు సరిగ్గా ఆ స్థానంలో ఉన్నారు. పొగగొట్టం చివర లోపలి వైపు తెల్లటి బట్టతో తుడిచి చూడమని ఆయనకు చెబుతున్నాను. డీపీఎఫ్ బాగున్న బండి గొట్టం దాదాపు శుభ్రంగా ఉంటుంది. బట్ట నల్లగా వస్తే అక్కడే ఆగి ఆలోచించాలి.

వెతుకులాట:

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే ఆ బండి పాత పత్రాలన్నీ తెప్పించుకుని వరసగా పెట్టుకుని చదివాను. చదివే కొద్దీ నా అభిప్రాయం మారుతూ వచ్చింది.

మొదటి అయిదేళ్లలో అది 1,00,000 కిలోమీటర్లు తిరిగింది. తరువాతి ఆరేళ్లలో మొత్తం 42,000 మాత్రమే. తక్కువ తిరిగిన బండి అని అమ్మే ఆయన గొప్పగా చెప్పింది ఈ ఆరేళ్ల గురించే. ఎనిమిదో ఏట ముందు బుష్‌లు చిట్లుతున్నాయని సూచన రాశారు, తొమ్మిదో ఏటా అదే సూచన, పదో ఏట అదే బుష్‌ల మీద బండి తప్పింది, రెండు రోజులకు మళ్లీ పరీక్షకు వెళ్లి పాసైంది. బ్రేకు పైపుల మీద తుప్పు పైపైన ఉందని వరసగా మూడేళ్లు రాశారు. పొగ కొలత మొదట్లో 0.05 దగ్గర ఉండేది, నిరుడు 0.61. అన్నీ పాస్ అంకెలే కానీ ఎందుకో నాకు ఆ వరస నచ్చలేదు. నేను అనవసరంగా భయపడుతున్నానా?

పరీక్షా గది:

అనవసరపు భయం కాదు, మీరు పత్రాలను చదవవలసిన పద్ధతిలోనే చదివారు. పాస్, ఫెయిల్ అన్న రెండు మాటల కంటే ఆ చిన్న అక్షరాల సూచనలే నాకు ఎప్పుడూ విలువైనవిగా కనిపించేవి. సూచన అంటే ఈ ఏడాదికి వదిలేశాను, వచ్చే ఏడాదికి ఇది ఆగదు అని పరీక్షకుడు చెప్పే మాట. సూచన రాగానే బాగుచేయించే యజమాని ఒకరు, అది తప్పుగా మారేదాకా ఆగే యజమాని ఇంకొకరు. మీరు చూస్తున్న బండికి రెండో రకం యజమాని ఉన్నారు. బుష్‌ల విషయంలో అలా ఆగిన మనిషి, ఆయిల్ విషయంలో, బెల్ట్ విషయంలో వేరుగా ఉంటారని నేను అనుకోలేను.

బ్రేకు పైపుల తుప్పును తేలిగ్గా తీసుకోకండి. మూడేళ్లు పైపైన ఉన్న తుప్పు నాలుగో ఏట పైపును తినేస్తుంది. అప్పుడు అది తప్పడమే కాదు, అలాంటి లోపం ప్రమాదకరమన్న వర్గంలోకి వెళితే ఆ బండిని నడిపి ఇంటికి తీసుకువెళ్లడం కూడా కుదరదు. సీటు బెల్టు బిగింపులు, సస్పెన్షన్ బిగింపులు ఉన్న చోట్లకు 30 సెంటీమీటర్ల లోపల తుప్పు లోతుగా ఉంటే బ్రిటన్ నిబంధనల్లో దాన్ని ప్రత్యేకంగా చూస్తారు. కాబట్టి బండి కింద చూసేటప్పుడు ఆ బిగింపుల చుట్టూ నిదానంగా చూడండి, కొత్తగా నల్ల రంగు పూసి ఉంటే ఎందుకు పూశారో అడగండి.

పొగ అంకె మాత్రం అన్నింటికంటే నన్ను ఆపేది. 0.05 నుంచి 0.61కి రావడం అంటే ఆ డీపీఎఫ్ తన పని తాను చేయడం లేదని అర్థం.

పొట్టి దారి:

ఏడాదికి ఏడు వేల కిలోమీటర్లు అన్నది చూడగానే నా పాత బండి గుర్తుకు వచ్చింది. అమ్మే ఆయనను తిట్టడానికి లేదు, నేనూ అప్పట్లో తక్కువ తిరగడం మంచిదనే నమ్మాను. పెట్రోలు బండికైతే ఆ నమ్మకం కొంతవరకు చెల్లుతుంది.

నిలువుటద్దం:

దీనికి నేను ఒక్కటి కలుపుతాను. స్కానర్ పెట్టించేటప్పుడు నిల్వ ఉన్న తప్పుల జాబితాతో పాటు, ఆ తప్పులను ఎప్పుడు చెరిపేశారో కూడా చూడమనండి. పరీక్షకు ముందు రోజు లైటు చెరిపి తీసుకువెళ్లిన బండి ఆ ఒక్క గంటకు నిమ్మళంగానే ఉంటుంది. చెరిపి ఎన్ని కిలోమీటర్లైందో చాలా బండ్లు గుర్తుపెట్టుకుంటాయి.

వెతుకులాట:

స్కానర్ పెట్టించాను. చెరిపి 38 కిలోమీటర్లే అయింది. పొగగొట్టం తుడిచిన బట్ట నల్లగా వచ్చింది. అమ్మే ఆయన మరమ్మతు ఖర్చు ధరలో తగ్గించుకుని అమ్ముతానన్నారు కానీ, డీపీఎఫ్ ఒక్కటే కాదు, ఆ అలవాటే నాకు భయం అనిపించి మర్యాదగా వద్దన్నాను. ఇప్పుడు ఇంకొకటి చూస్తున్నాను. పదేళ్ల బండి, 2,28,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంతకు ముందైతే ఆ అంకె చూడగానే పక్కకు వెళ్లిపోయేవాడిని. ఏటా 22,000కు పైగా, ఒక్క ఏడాదీ తగ్గకుండా తిరిగింది. పొగ కొలత పదేళ్లలో 0.10 దాటలేదు. రెండుసార్లు తప్పింది, ఒకసారి నంబరు ప్లేటు దీపానికి, ఇంకోసారి విరిగిన ముందు స్ప్రింగుకు. సూచనగా రాసిన ప్రతి లోపమూ మరుసటి ఏడాది పత్రంలో కనిపించడం లేదు. దీన్ని గురించి ఏమంటారు?

గ్యారేజీ చేతులు:

రెంటిలో ఏది పరీక్షలో గట్టెక్కుతుందని నన్ను అడిగితే రెండోదే అంటాను, ఆలోచించకుండా అంటాను. అయినా ఆ దూరానికి చూడవలసినవి వేరే ఉన్నాయి. టైమింగ్ బెల్ట్ ఎన్నిసార్లు మార్చారో, వాటర్ పంపు దానితోపాటే మార్చారో లేదో బిల్లులు చూడండి. క్లచ్ ఎక్కడ పడుతోందో, ఇంజన్ ఆపేటప్పుడు గడగడమనే చప్పుడు వస్తోందో గమనించండి. అది ఫ్లైవీల్ చప్పుడు, పరీక్షకు సంబంధం లేదు కానీ మీ జేబుకు ఉంది. ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపేది) ఒక్కసారైనా శుభ్రం చేశారో అడగండి. టర్బో నుంచి వెళ్లే రబ్బరు గొట్టాల మీద నూనె తడి, చీలికలు ఉన్నాయేమో చేత్తో తడిమి చూడండి, ఎందుకంటే అక్కడ గాలి కారితే ఇంజన్‌కు గాలి చాలక నల్ల పొగ వస్తుంది, డీపీఎఫ్ త్వరగా నిండుతుంది. చాలాసార్లు పొగ ఎక్కువ అని తప్పిన బండికి నేను చేసిన వైద్యం ఒక గొట్టం, ఒక ఎయిర్ ఫిల్టరు మాత్రమే.

పొగ రంగు కూడా గుర్తుపెట్టుకోండి. నల్లది గాలి తక్కువనో డీజిల్ ఎక్కువనో చెబుతుంది. నీలం రంగు ఆయిల్ కాలుతోందని. తెల్లది చల్లటి ఉదయం కొద్దిసేపు వస్తే ఫరవాలేదు, వేడెక్కాక కూడా ఆగకపోతే కాలని డీజిల్ గానీ కూలెంట్ గానీ అయి ఉంటుంది.

గణితం పిచ్చి:

ఒక చిన్న హెచ్చరిక. పది ఏళ్ల పత్రాల్లో దూరం ఏటా సమానంగా పెరగడం మంచి సంకేతమే, అయితే ఆ అంకెలను సర్వీసు బిల్లుల్లో ఉన్న అంకెలతో కూడా సరిచూడండి. ఓడోమీటర్ తిప్పినవారు పరీక్షకు పరీక్షకు మధ్య తిప్పుతారు. రెండు వరసలూ కలిస్తే నిశ్చింతగా ఉండవచ్చు.

పరీక్షా గది:

కొన్నాక పరీక్షకు తీసుకువెళ్లే రోజు గురించి కూడా చెప్పి ముగిస్తాను. బండిని ఇంటి నుంచి నేరుగా, చల్లటి ఇంజన్‌తో తీసుకురావద్దు. అరగంట పాటు హైవే మీద, టాప్ గేరులో బద్ధకంగా కాకుండా ఒక గేరు తక్కువలో, ఇంజన్ కాస్త వేగంగా తిరిగేలా నడిపి, ఆ వేడితోనే పరీక్షకు చేరండి. వచ్చాక ఇంజన్ ఆపి గంటసేపు వరసలో నిలబెట్టవద్దు. చల్లబడిన ఇంజన్‌తో నిక్కచ్చిగా కొలవడం పరీక్షకుడికీ కష్టమే. ముందు రోజు సాయంత్రం ఎవరినైనా వెనక నిలబెట్టి బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు, రివర్స్ లైటు చూసుకోండి. టైరు లోపలి అంచు చూడాలంటే స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి వంగి చూడాలి. చట్టం అడిగే టైరు గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లే కానీ, వానలో 3 లోపలికి వచ్చాక నేను నా బండికి వాడను. హ్యాండ్‌బ్రేక్ పట్టు రెండు వెనక చక్రాలకూ సమానంగా ఉందో లేదో ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి చూసుకోవచ్చు. ఎక్కువ కాలం నిలబెట్టిన బండి వెనక డిస్కులకు తుప్పు పట్టి అక్కడే తక్కువ చూపిస్తుంది. అద్దం పగులు, వైపర్ల రబ్బరు, హారన్, సీటు బెల్టులు ఇవి అయిదు నిమిషాల పని.

వెతుకులాట:

రెండో బండినే తీసుకున్నాను. బిల్లుల్లోని దూరాలు పత్రాలతో కలిశాయి. టైమింగ్ బెల్ట్, వాటర్ పంపు 1,80,000 దగ్గర మార్చిన రుజువు ఉంది. నిన్ననే పరీక్ష జరిగింది. పరీక్షా గది గారు చెప్పినట్టే అరగంట నడిపి వేడిగా తీసుకువెళ్లాను. పొగ 0.08 వచ్చింది. బ్రేకులు రెండు పక్కలా సమానంగా చూపించాయి. గ్యారేజీ చేతులు గారు చెప్పినట్టు లిఫ్ట్ మీద చూసినప్పుడు దొరికిన ఎడమ లింక్ రాడ్ మార్చి తీసుకువెళ్లడం వల్ల ముందు ఇరుసు మీద ఏమీ రాయలేదు. పాస్ చేస్తూ ఒక్క సూచన రాశారు, వెనక కుడి టైరు లోపలి అంచు అరిగిందని. అలైన్‌మెంట్ చూపించి ఆ టైరు ఈ శనివారమే మార్పిస్తున్నాను.